ఊదారంగు తిరిగొచ్చేదాకా

ఆ ఏడు వానలు మొదలైన వారంలో మా నాన్న పని పోగొట్టుకుని, చంకలో ఒక సీసా పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆయన వెనకాల నాలుగడుగుల దూరంలో మా ఆయన. ఇద్దరిదీ ఒకే కార్ఖానా, ఒకే షిఫ్టు. పెళ్ళయిన దగ్గర్నించీ నేనూ మా ఆయనా అమ్మావాళ్ళింట్లోనే పై గదిలో ఉంటున్నాం. మామా అల్లుళ్ళు రోజూ కలిసి వెళ్ళి కలిసి వచ్చేవాళ్ళు, గుమ్మంలో చెప్పులు విడుస్తూ కూడా ఏదో ఒకటి వాదించుకుంటూనే ఉండేవాళ్ళు. ఆ రోజు ఇద్దరి మధ్యా ఆ ఖాళీ చూసి ఏదో జరిగిందని నాకు తెలిసిపోయింది.

నాన్న సీసాని తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూతి చుట్టూ ఎర్ర లక్క, లక్క మీద యజమాని ఉంగరం ముద్ర. లోపల చిక్కటి ఆకుపచ్చ నీళ్ళు, ఆ నీళ్ళ మధ్యలో సన్నటి నైలాన్ దారానికి వేలాడుతూ శనగగింజంత పటిక పలుకు ఒకటి.

"తొట్టి పచ్చబడింది" అన్నాడు.

అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. పటిక చేసేవాళ్ళ ఇంట్లో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు.

మీకు చెప్పాలి. నాన్న మేస్త్రిగా ఉన్నది క్రోమ్ పటిక కార్ఖానాలో. తెల్ల పటికలాంటిదే, కాకపోతే ఇది ముదురు ఊదా, నిగనిగలాడే వంకాయ రంగు. రెండు రకాల ఉప్పు ఒకే నీళ్ళలో కరిగి, చల్లారేటప్పుడు ఒకదాన్నొకటి వదలకుండా ఒకే పలుకుగా గట్టిపడతాయి. గోరువెచ్చని ఊదా నీళ్ళ తొట్టిలో దారాలు వేలాడదీసి నెమ్మదిగా చల్లారనిస్తే, ఒక్కో దారానికీ ఎనిమిది ముఖాల పలుకులు పేరుకుంటాయి. తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళూ, బట్టలకి రంగులద్దేవాళ్ళూ కొంటారు. పనంతా వేడి దగ్గరే ఉంది. ఉప్పు కరగడానికి తొట్టి కిందకి ఆవిరి వదులుతారు. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి చాలు. అది దాటి కాగిందా, ఊదా నీళ్ళు పచ్చబడతాయి. ఆ తర్వాత ఎన్ని దారాలు వేలాడదీసుకున్నా ఒక్క పలుకు కట్టదు.

ఆ రోజు పొద్దున నాన్న యజమాని గదికి వెళ్ళి, తొట్టి అడుగున సీసపు రేకుకి చిల్లులు పడ్డాయనీ, మార్చమనీ గొడవ పెట్టుకున్నాడు. నాన్నకి కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇలాగే ఉంచండి, సరుకెలా వస్తుందో నేనూ చూస్తా" అని అందరికీ వినపడేలా అని బయటికొచ్చాడు. సాయంత్రానికి పెద్ద తొట్టి మొత్తం పచ్చగా అయింది.

"పొద్దున అన్నావు, సాయంత్రానికి చేసి చూపించావు. అందులో సోడా కలిపావు" అన్నాడట యజమాని. సోడా పడ్డా అచ్చం అదే పచ్చదనం వస్తుంది మరి.

వేడి ఎక్కువై ఉంటుందని ల్యాబ్ మేడం అంది. కార్ఖానాలో కెమిస్టు ఆవిడ, అందరూ ల్యాబ్ మేడం అనే పిలుస్తారు. అప్పుడు యజమాని ఆవిరి వాల్వు దగ్గరున్న మనిషిని పిలిపించాడు. వాల్వు దగ్గరున్నది మా ఆయన.

"మామూలుగా ఒక్క చుట్టే తిప్పాను సార్" అన్నాడు మా ఆయన.

అంతే. ఆ ఒక్క మాటతో నాన్న దోషి అయ్యాడు. మేడం మాత్రం వదల్లేదు. వేడికి పచ్చబడిందైతే చల్లగా, కదపకుండా ఉంచితే, నెలలు పట్టినా తనంతట తనే మళ్ళీ ఊదాకి తిరుగుతుంది, అందులో వేలాడదీసిన పలుకు పెరుగుతుంది. సోడా పడిందైతే ఎప్పటికీ తిరగదు. యజమాని కాగితాల మీద పరీక్షలు నమ్మే రకం కాదు, కంటితో చూస్తేనే నమ్ముతాడు. అందుకని ఆవిడ ఆయన ముందే తొట్టిలోంచి సీసా నింపి, ఒక పలుకు కట్టి వేలాడదీసింది. ఆయన ముద్ర వేసి నాన్న చేతిలో పెట్టాడు.

"నీ సాక్ష్యం నువ్వే కాపాడుకో. వానలు వెళ్ళిపోయేలోగా ఇది ఊదా అయితే నా మాట వెనక్కి తీసుకుంటా, అబద్ధం చెప్పినవాణ్ణి బయటికి పంపుతా. కాకపోతే ఇంకెక్కడా నిన్ను తొట్టి దగ్గర నిలబడనివ్వను."

నాన్న ఇదంతా ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. మా ఆయన చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళిపోయాడు. నాకప్పుడు మూడో నెల. పీట లాక్కుని కూర్చుంటే అందరూ దానివల్లే అనుకున్నారు. నాకు మాత్రం లెక్క అర్థమైంది. సీసా ఊదా అయితే మా ఆయన బజారున పడతాడు, పచ్చగానే ఉంటే మా నాన్న.

ఇంట్లో చల్లటి చోటు ఒకటే, మెట్ల కింద నేను బట్టలు కుట్టుకునే గది. మిషను తొక్కితే గోడలు అదురుతాయని దాన్ని వంటింటి మూలకి తోశారు. సీసాని పొట్టు నింపిన పెట్టెలో, మెడ వరకు దిగేసి పెట్టారు. తలుపు గట్టిగా వెయ్యకూడదు, మెట్లు దబదబా దిగకూడదు, ఆ గదిలో దీపం ఎక్కువసేపు ఉంచకూడదు. "పురిటి గదికి కూడా ఇన్ని ఆంక్షలు ఉండవే" అంది అమ్మ. మొదటి వారం ఆవిడ ఇలాంటివి అని మమ్మల్ని నవ్వించాలని చూసింది. ఎవరూ నవ్వకపోయేసరికి మానేసింది.

నాన్న మా ఆయన్ని ఒక్క మాటంటే ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేది. "వానగా ఉంది, గొడుగు తీసుకెళ్ళు" అనేవాడు. "ఇవాళ చిన్న తొట్టిలో సరుకెంత దిగింది?" అనేవాడు. మా ఆయన ఇంకా అక్కడే పని చేస్తున్నాడు మరి. "బాగానే దిగింది మావయ్యా" అని ఈయన జవాబు. ఇంట్లో ఇద్దరు మగాళ్ళు అంత మర్యాదగా మాట్లాడుకుంటుంటే వినడం కన్నా కొట్టుకుంటుంటే చూడడం నయం.

కొన్నాళ్ళకి ల్యాబ్ మేడం వచ్చింది. లక్క ముద్ర చూసింది, సీసాని పెట్టెలోంచి కొంచెం పైకి తీసి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. పలుకు మొదట ఉన్నదానికన్నా చిన్నదైంది. మూలలు అరిగిపోయి, చప్పరించి వదిలేసిన బిళ్ళలా ఉంది.

"కరిగిపోతోంది కదండీ" అంది అమ్మ.

"ముందు కరుగుతుందమ్మా. పచ్చ నీళ్ళలో పలుకు నిలవదు. లోపల ఊదా తయారవుతున్న కొద్దీ కరగడం ఆగుతుంది, తర్వాత అంచులు పదునెక్కుతాయి. రంగు కన్నా ముందు అంచుల్లోనే తెలుస్తుంది." తర్వాత నావైపు తిరిగి నెమ్మదిగా అంది. "చూస్తూ ఉండు. నీ కళ్ళు కుట్టుపనికి అలవాటు పడ్డవి, నాకన్నా బాగా కనిపెడతావు."

మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. మేడం వెళ్ళాక నేను మేడ మీదికి వెళితే అక్కడ వానలో తడుస్తూ దండెం మీద బట్టలు తీస్తున్నాడు. అవి అప్పటికే తడిసి ముద్దయ్యాయి.

"ఇప్పుడు తీసి ఏం లాభం?" అన్నాను.

"రెండు చుట్లు తిప్పాను" అన్నాడు.

"ఏమిటి?"

"వాల్వు. రెండు చుట్లు. త్వరగా కరిగితే త్వరగా ఇంటికి రావచ్చని. ఆ వారమంతా నువ్వు వాంతులతో మంచం దిగలేదు కదా. రెండు చుట్లు తిప్పి, బొగ్గు బండి వస్తే దించడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఎవరో వాల్వు మూసేశారు. తొట్టి మాత్రం పచ్చబడింది. సార్ అడిగేసరికి నోట్లోంచి ఒక్క చుట్టని వచ్చేసింది. అనేశాక మావయ్య మొహం చూశాను."

"చూసి?"

"చూసి కూడా నోరు తెరవలేదు."

చేతికందిన తడి చీరతో కొట్టాలన్నంత కోపమొచ్చింది నాకు. "రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పండి."

"ఎవరు నమ్ముతారు? మామగారి కోసం అల్లుడు నేరం నెత్తినేసుకుంటున్నాడంటారు. సీసా ఊదా అవనీ. ఆ రోజు నేనే ముందుకొచ్చి చెప్తా. అప్పుడైతే మాటకి విలువుంటుంది."

"సీసా ఊదా అయ్యాక మీరు చెప్పేదేముంది? అదే చెప్తుంది."

ఆయన తడి బట్టలు భుజానేసుకుని మెట్లు దిగాడు. మంచి మనిషే, ఒట్టేసి చెప్తాను. పక్కింటి ముసలావిడకి నీళ్ళు మోసి పెట్టే రకం. కాని భయం పట్టుకుంటే మంచివాళ్ళు కూడా మూలకి నక్కుతారని ఆ రోజు చూశాను. అంత దగ్గరి మనిషిని నమ్మలేకపోవడం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత పొద్దున లేవడం, మెట్ల కింద గదిలోకి వెళ్ళడం, పొట్టు పక్కకి జరిపి సీసాలోకి చూడడం నాకు దినచర్య అయిపోయింది. ఏం కోరుకోవాలో తెలిసేది కాదు. నాన్న గెలవాలని కోరుకుంటే పై గదిలో నిద్రపోతున్న మనిషి ఓడాలి. ఈయన గెలవాలంటే వంటింట్లో కాఫీ కలుపుకుంటున్న మనిషి ఓడాలి. కాసేపు అలా నిలబడి, పొట్టు సర్ది వచ్చేసేదాన్ని.

వానలు ముదిరి, గోడలు చెమ్మెక్కిన రోజుల్లో ఒక పొద్దున పలుకు అంచు మీద వెలుగు గీత కనిపించింది. అరిగిపోయిన మూల దగ్గర, దారం పక్కన, చిన్న చదునైన ముఖం ఒకటి లేచింది. నీళ్ళు పచ్చగానే ఉన్నాయి, కానీ అడుగున కొంచెం మబ్బు పట్టినట్టు మారాయి. నేను పరిగెత్తుకెళ్ళి నాన్నని పిలుచుకొచ్చాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"కట్టడం మొదలెట్టింది" అన్నాడు. గొంతులో సంతోషం లేదు. ఏ తొట్టి గురించో చెప్పినట్టు చెప్పాడు.

అమ్మ మాత్రం చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. వెంటనే అల్లుడు గుర్తొచ్చి ఆపుకుంది. ఆ సాయంత్రం మా ఆయనకి విషయం చెప్పాను. "మంచిది" అన్నాడు. మొహం తెల్లబోయింది.

రెండు రోజుల తర్వాత చూస్తే అంచు మళ్ళీ మొద్దుబారింది.

నా కళ్ళే మోసం చేశాయనుకున్నాను. కిటికీ తెరిచి చూశాను. లేదు, ఆ చదును ముఖం లేదు. అడుగున మబ్బు కూడా లేదు, అంతా పచ్చగా, మొదటి రోజులాగే. కొన్నాళ్ళు ఆగాక మళ్ళీ అంచు పదునెక్కింది, మళ్ళీ పోయింది. ముద్ర చెక్కుచెదరలేదు. మూత తియ్యకుండా పలుకుని వెనక్కి నడిపించే దారి ఒక్కటే, సీసాని వేడి చెయ్యడం. పటిక చేసేవాళ్ళ ఇంట్లో పుట్టినదానికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రోజు మా ఆయన పని నించి రాగానే పై గదికి తీసుకెళ్ళి తలుపేశాను.

"సీసాని ముట్టుకుంటున్నారా మీరు?"

"నేనా?"

"ఎవరో వేడి చేస్తున్నారు. అది పచ్చగా ఉంటే ఎవరికి లాభమో వాళ్ళే చేస్తారు."

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కోపం కాదు. చెంపదెబ్బ తిన్న మనిషి చూపు. "నువ్వు కూడా అలా అనుకుంటే ఇంక నేను చెప్పేదేం లేదు" అని చాప తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో మాట్లాడుకోని వాళ్ళ జాబితాలో మేమిద్దరం కూడా చేరాం. అమ్మ ఒక్కర్తే మిగిలింది. పాపం ఆవిడ గిన్నెలతో మాట్లాడుకునేది.

వానలు పల్చబడ్డాయి. యజమాని పెట్టిన గడువు ఇంకో వారంలో పడింది. ఒక మధ్యాహ్నం కుట్టిన గౌన్లు ఇవ్వడానికి బయల్దేరాను. అమ్మ ముందే బజారుకి వెళ్ళింది. వీధి చివరిదాకా వెళ్ళేసరికి ఆకాశం ఒక్కసారిగా నల్లబడి జల్లు అందుకుంది. గౌన్లు తడుస్తాయని వెనక్కి తిరిగాను. పెరటి వైపు నించి వచ్చాను, అందుకే నా అలికిడి వినపడలేదు.

వంటింట్లో నాన్న పొయ్యి ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. ఆ నీళ్ళలో సీసా నిలబడి ఉంది. లక్క కరక్కుండా మెడ చుట్టూ తడిగుడ్డ చుట్టాడు. ఒక చేత్తో సీసా మెడ పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డ మీద చెంచాతో చన్నీళ్ళు పోస్తున్నాడు. ఎంత ఓపిగ్గా పోస్తున్నాడో, నా చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చినట్టు.

నేను వెళ్ళి పొయ్యి ఆపేశాను.

ఆయన ఉలిక్కిపడలేదు. "గౌన్లు తడిశాయా?" అన్నాడు.

"లేదు."

"అలా కూర్చో. నిలబడకు."

కూర్చున్నాను. గిన్నెలో బుడగలు తగ్గాయి.

"ఆయన రెండు చుట్లు తిప్పారు. నాతో చెప్పారు" అన్నాను.

"నాకు తెలుసు. వాల్వు మూసింది నేనే."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"వాడు చెప్తాడని చూశా. ఒక్క చుట్టన్నాడు. నేను కాదంటే అందరి ముందు అబద్ధాలకోరు అవుతాడు. ఆ పూటకి ఊరుకున్నా, తర్వాత చూద్దామని. అంతలోనే ఈ సీసా నా చేతికొచ్చింది." సీసాని గిన్నెలోంచి తీసి గుడ్డతో తుడిచాడు. "నన్ను తీసేస్తే ఏమంటారు? ముసలాడు, కోపిష్టి, తిక్కలో ఏదో కలిపాడు అంటారు. నాలుగు రోజులు అని మర్చిపోతారు. వాణ్ణి తీసేస్తే, మామ మీదికి నెట్టి తప్పించుకోబోయాడంటారు. అది చచ్చేదాకా పోదు. పుట్టేదానికి తండ్రి వాడు. నేను తాతని, అంతే కదా."

"మీరిద్దరూ ఇన్ని లెక్కలు వేసుకున్నారు. నేనేమైపోయాను నాన్నా ఈ లెక్కల్లో?" ఏడుపు ఆగలేదు నాకు. "పొద్దున్న లేస్తే ఎవరు నాశనమవ్వాలో కోరుకోవడానికి ఆ గదిలోకి వెళ్తున్నా. ఆయన్ని దొంగని చూసినట్టు చూశా. మొహం మీదే అడిగా."

దానికి ఆయన తల దించుకున్నాడు. అది మాత్రం ఆయన ఊహించలేదని తెలిసింది.

"వాడికి చెప్పకమ్మా" అన్నాడు చివరికి.

 మా ఆయనకి చెప్పలేదు. చెప్పాలని మెట్ల దాకా వెళ్ళి, ఎలా మొదలెట్టాలో తెలియక వెనక్కొచ్చిన రోజులే ఆ వారమంతా.

గడువు రోజు నాన్న తెల్లచొక్కా వేసుకున్నాడు. సీసా నేను పట్టుకుంటానన్నాను. ఇద్దరి చేతుల్లోనూ దాన్ని పెట్టబుద్ధి కాలేదు నాకు. యజమాని గదిలో రేకు కప్పు కింద వేడి ఉడికిపోతోంది. ల్యాబ్ మేడం కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను సీసాని బల్ల మీద పెట్టగానే ఆవిడ మొహం వాడిపోయింది.

పచ్చగా ఉంది. పలుకు మినపగింజంత మిగిలింది.

"ఇంకేముంది" అన్నాడు యజమాని. గొంతులో గెలిచిన సంతోషం కూడా లేదు, విసుగే ఉంది. "ఇన్నేళ్ళు చేశావు, ఈ పని చేస్తావనుకోలేదు మేస్త్రీ."

"చేశాను సార్" అన్నాడు నాన్న. "సోడా కలిపాను. కోపంలో."

నేను నోరు తెరిచేలోగా వెనక నించి మా ఆయన గొంతు వినిపించింది. తలుపు దగ్గర పని బట్టల్లోనే నిలబడి ఉన్నాడు. 

"అబద్ధం సార్. ఆయనేం కలపలేదు. ఆవిరి నేను రెండు చుట్లు తిప్పాను. మీరు అడిగితే ఒక్క చుట్టని అబద్ధం చెప్పాను."

పచ్చటి సీసా ఎదురుగా ఉంది. నోరు మూసుకుంటే చాలు, మా ఆయన బయటపడ్డట్టే. ఎవరూ అడగలేదు, ఎవరూ నెట్టలేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎలాంటిదో చెప్పలేను. 

"వాడు నా కోసం అంటున్నాడు సార్" అన్నాడు నాన్న.

"ఆయనే నా కోసం అంటున్నారు" అన్నాడు మా ఆయన.

యజమాని నుదురు కొట్టుకున్నాడు. "ఒక్కరు కూడా ఒప్పుకోని చోట నాకు ఇద్దరు దొంగలు దొరికారు. అమ్మాయ్, నువ్వు చెప్పు. వీళ్ళలో ఎవరిది నిజం?"

గదిలో అందరూ నావైపే చూశారు. నాన్న కళ్ళు వద్దంటున్నాయి. మా ఆయన కళ్ళు ఏమీ అడగలేదు. ఆయనకి పొయ్యి సంగతి తెలియనే తెలియదు.

"మా నాన్న ఏమీ కలపలేదు" అన్నాను. "ఈ సీసా రెండుసార్లు ఊదాకి తిరగబోయింది. తిరగబోయినప్పుడల్లా మా నాన్న వేణ్ణీళ్ళలో పెట్టి పచ్చ చేశాడు. నేను చూశాను."

మా ఆయన నాన్న వైపు తిరిగాడు. నాన్న గోడ వైపు తిరిగాడు.

"మీరు నా మాట నమ్మక్కర్లేదు సార్, నేనూ ఆ ఇంటిదాన్నే. సీసాని మేడం గారి దగ్గర ఉంచండి. చలి వచ్చేదాకా ఆగండి. మా ఇంట్లో మాత్రం వద్దు. మా ఇంట్లో ఒకళ్ళనొకళ్ళు కాపాడేవాళ్ళు ఎక్కువైపోయారు."

 యజమాని సీసాని మేడం వైపు జరిపాడు. "తాళం వేసి పెట్టండి. అప్పటిదాకా ఇద్దరూ పనిలోకి రావద్దు."

ఆ చలికాలం మొదట్లో ఒక పొద్దున మేడం కబురు పంపింది. మేం వెళ్ళేసరికి సీసా కిటికీ గట్టు మీద ఉంది. నీళ్ళు ఊదాగా ఉన్నాయి. దారానికి బొటనవేలి గోరంత పలుకు, ఎనిమిది ముఖాలూ గీసినట్టు తీరుగా, ఎండ పడ్డ వైపు ఎర్రగా మండుతోంది. యజమాని దాన్ని చేతిలోకి తీసుకుని, ముద్ర మీద వేలు పెట్టి రాసి చూసుకుని, కింద పెట్టాడు.

"మేస్త్రీ, రేపట్నించి రా. ఆ రోజన్న మాట నాది తప్పు." మా ఆయన వైపు చూశాడు. "నువ్వు రావద్దు."

"సరే సార్" అన్నాడు మా ఆయన.

ముగ్గురం ఇంటికొచ్చాం. విషయం చెప్తే అమ్మ ఒక కంటితో నవ్వి ఒక కంటితో ఏడ్చినంత పని చేసి, కంచాలు పెట్టింది. నాన్న చేతులు కడుక్కుని వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"నేను వెళ్ళను. ఇద్దరం కలిసి ఇంకెక్కడైనా చూసుకుందాం" అన్నాడు.

"మీరు వెళ్ళాలి మావయ్యా."

"నువ్వు ఇంట్లో కూర్చుంటే నేనెలా వెళ్తానురా?"

"ఆ సీసా పచ్చగానే ఉండిపోతే నేనెలా వెళ్ళేవాణ్ణి?" మా ఆయన గొంతు పెంచలేదు. "రోజూ పనికి వెళ్ళొచ్చి, మీ ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. మీకు తెలుసని నాకు తెలియకుండా, జన్మంతా. యజమాని నన్ను పని నించి తీసేశాడంతే. మీరు వెయ్యబోయిన శిక్ష దానికన్నా పెద్దది. ప్రేమతోనే వేశారు, కాదనను. అయినా పెద్దదే."

అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.  నాన్నకి ఎదురు చెప్పినవాళ్ళు మా ఇంట్లో అప్పటిదాకా లేరు.

"అటు వైపు నించి ఆలోచించలేదు నేను" అన్నాడు.

అని, అమ్మ చేతిలోంచి గరిట తీసుకుని, వంగి అల్లుడి కంచంలో తనే అన్నం వడ్డించాడు. వడ్డించి ఆగాడు.

"ఇంకొంచెం వెయ్యనా?"

"వెయ్యండి" అన్నాడు మా ఆయన, తలెత్తి ఆయన మొహంలోకి చూస్తూ.